ముత్యాలుకు నీళ్లొదిలిన సినిమా

జనవరి 9, 1989, సోమవారం

వకీలుకు ఇచ్చే పుస్తకం వేరు, ఇది వేరు. అందులో తేదీలు, ఎవరు వచ్చారు, ఎవరు ఏమన్నారు, అంతవరకే. చెంచురామయ్య వకీలు అలాగే కావాలన్నాడు. "పుల్లమ్మా, నీ తిట్లు నాకొద్దు, తారీకులు కావాలి" అన్నాడు. తిట్లు తీసేస్తే నా కేసులో ఏం మిగులుతుందో ఆయనకే తెలియాలి.

అందుకే ఈ రెండో పుస్తకం. దీన్ని ఎవరికీ చూపించను. నాకు చదువు రాదు కనుక నేను కూడా చూసుకోలేను. పక్కింటి ప్రమీలారాణి టీచరమ్మ రాసిపెడుతుంది. ఆమె బడి నుంచి రిటైరై రెండేళ్లయింది, మధ్యాహ్నాలు పొద్దుపోదు. నేను మా మాటలో చెబితే ఆమె పుస్తకం మాటలో రాస్తుంది. "చెప్పింది చెప్పినట్టు రాయి టీచరమ్మా" అంటే, "చెప్పిందే రాస్తున్నా, కాస్త తల దువ్వి రాస్తున్నా" అంటుంది.

నా దావా ఇది. పోయిన ఎండాకాలం బసవపున్నయ్య అనే డైరెక్టరు కొత్తగూడెంలో మా బస్తీకి వచ్చి 'సైడింగు' అని ఒక సినిమా తీశాడు. బొగ్గు వ్యాగన్లు ఆగే సైడింగు పక్కన తిరిగే పోరగాళ్ల కథ. గంజాయి తాగడం, కదిలే వ్యాగన్ ఎక్కి బొగ్గు దొబ్బడం, సైకిల్ చైన్లతో తలలు పగలగొట్టుకోవడం. మద్రాసు నుంచి ఎవరినీ తేలేదు. మా పోరగాళ్లనే పెట్టాడు. నా మనవడు ముత్యాలు అందులో శీను. వాడికి అప్పుడు పదహారేళ్లు. నన్ను శీను అవ్వగా పెట్టాడు. పెట్టి, నాచేత నా మనవడికి నీళ్లొదిలించాడు. బతికున్న పిల్లవాడికి.

దీపావళి నాడు ఆ సినిమా ఇక్కడి టాకీసులో వేశారు. ముత్యాలు మ్యాట్నీ చూసి ఇంటికి రాలేదు. ఇవాళ్టికి సరిగ్గా రెండు నెలలు.

ఆ ముక్క సినిమాలోంచి కోసి పారేయాలి. కోసేస్తే వాడు వస్తాడు. అదే నా దావా.


జనవరి 11

జడ్జికి మా పద్ధతి తెలియదు, రాయించమన్నాడు వకీలు. ఆ పుస్తకంలో నాలుగు లైన్లు రాయించాను. ఇక్కడ మొత్తం చెబుతాను.

ఎంత చెప్పినా దారికి రాని కొడుకు ఉంటే మావాళ్లు వాడు బతికుండగానే నీళ్లొదులుతారు. కొత్త కుండ నింపి భుజాన పెట్టుకుని, దక్షిణం మొహాన గల్లీ చివరిదాకా నడవాలి. వాడి ఇంటిపేరు చెప్పాలి, తండ్రి పేరు చెప్పాలి, వాడి పేరు చెప్పాలి. "నీకూ నాకూ నీళ్లు తీరినయ్" అని కుండ వదిలేయాలి. వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వచ్చి తలస్నానం చేయాలి. అంతటితో వాడు ఆ ఇంటికి లేడు. తర్వాత వాడు గుమ్మం ముందు నిలబడినా దారిన పోయేవాడికి ఇచ్చినట్టు మంచినీళ్లు ఇస్తారు తప్ప అన్నం పెట్టరు. డెబ్బై ఏళ్లలో ఇది ఒక్కసారి చూశాను, మా చిన్నత్త తన కొడుక్కి చేసింది. వాడు మళ్లీ కనబడలేదు.

ఆ డైరెక్టరు మా గుడిసె ముందు మంచంలో కూర్చుని చాయ్ తాగుతూ అడిగాడు. "అవ్వా, మీ మనవడు నిజంగానే ఈ సినిమాలో శీనులాగా చెడిపోతే ఏం చేస్తారండీ?"

"ఏం జేస్త? నీళ్లొదులుత" అన్నాను.

అతడు గ్లాసు కింద పెట్టేశాడు. "అదేంటో ఒకసారి చూపించండి" అన్నాడు.

అక్కడ దొరికిపోయాను.

అప్పుడు నా కుడి చెయ్యి కట్టులో ఉంది. కొళాయి దగ్గర జారి పడ్డాను. డైరెక్టరు ఆ కట్టు చూసి, విప్పొద్దండీ, సినిమాలో అలాగే ఉంచుదాం అన్నాడు. నా కట్టు కూడా వాడికి పనికొచ్చింది.


జనవరి 16

ఆ సినిమాకు ఢిల్లీలో బహుమతి వచ్చిందట. అందుకని మళ్లీ వేస్తారట. ఊరంతా పోస్టర్లు. ఈసారి పోస్టరు మీద ఎవరో కాదు, నేనే. భుజాన కుండ, చేతికి కట్టు, నోరు తెరిచి ఉన్నాను. ముత్యాలు పేరు చెబుతున్న క్షణమే తీశారు.

బకెట్లో పేడ కలుపుకుని టాకీసు గోడ దగ్గరకు పోయాను. మూడు చోట్ల నా మొహం మీద నేనే అలికాను. ఒకటి చింపాను. గేటు దగ్గర పల్లీలు అమ్మే దూలయ్య పడీపడీ నవ్వాడు.

"ఏందే పుల్లక్కా, నీ బొమ్మ నువ్వే చింపుకుంటున్నవ్? మా ఇంటామె ఒక్కపాలి గోడకెక్కాల్నని కొట్టుకు సస్తాంది."

"తోల్కరా మీ ఇంటామెను. ముందు పేడ కలుపుడు నేర్పిస్త."

"గంత కోపమైతే యాక్టింగెందుకు జేసినవే?"

వాడి పల్లీల గంప మీద కూడా ఇంత పేడ పడింది. నేను వేయలేదు. బకెట్ ఊగింది.


జనవరి 17

ఇవాళ నాలుగు చింపాను.


జనవరి 22

టీచరమ్మకూ నాకూ మాటా మాటా అయింది. ఆమె ఆ సినిమా చూసింది. నేను చూడలేదు, చూడను. ఆ సినిమాలో ఏముందో నా దగ్గర మాట్లాడొద్దని మొదటి రోజే చెప్పాను. ఇవాళ ఆగలేక, "పుల్లమ్మా, చెడ్డ సినిమా కాదు అది. ఆ పిల్లల గురించి ఇన్నేళ్లలో ఎవరైనా పట్టించుకున్నారా? నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, నా క్లాసులోంచి సైడింగుకు పోయినవాళ్ల పేర్లు నాకే గుర్తులేవు. అతను వాళ్ల మొహాలు చూపించాడు" అంది.

"సూపిస్తే బాగైతరా?"

"చూపించకపోతే మాత్రం బాగయ్యారా?"

ఆమెకు ఇవాళ చాయ్ ఇవ్వలేదు.

ముత్యాలు గురించి కూడా రాయించాలి. వాడి నాన్న, నా కొడుకు, బొగ్గు బాయిలో దిగి బొగ్గు నింపేవాడు. దమ్ము రోగం వచ్చి పోయాడు. వాడి తల్లి వేరే మనువు పోయింది. అయిదేళ్ల వయసు నుంచి నా దగ్గరే. ఎనిమిదో తరగతి దాకా చదివాడు. నేను అడవి నుంచి వచ్చే మోదుగాకులతో విస్తర్లు కుట్టి హోటళ్లకు వేస్తాను. ఈనెలు చీల్చడం వాడే చేసేవాడు, నా కన్నా సన్నగా. పదిహేనేళ్లు నిండాక సైడింగు పిల్లలతో కలిశాడు. కళ్లు ఎర్రగా వచ్చేవాడు. అడిగితే బొగ్గు దుమ్ము పడిందనేవాడు. బొగ్గు దుమ్ము నాకు తెలియదా?

వాడు చెడ్డవాడు కాదు. చెయ్యి విరిగినప్పుడు నన్ను దవాఖానాకు భుజాన వేసుకుని పోయింది వాడే. కొళాయి దగ్గర పడినప్పుడు.


జనవరి 28

దొరికాడు.

బొంగు లారీ నడిపే జైరాం పొద్దున్నే వచ్చాడు. తండా పిల్లవాడు, మా కొడుకును బాబాయ్ అని పిలిచేవాడు. చింతూరు దాటాక అడవిలో బొంగు నరికే కూపు ఉంది, అక్కడ లోడు కోసం ఆగాడట. నరికేవాళ్లలో ఒకడిని చూస్తే ముత్యాలు మొహమే.

"ముత్యాలూ అని పిలిచిన నాయనమ్మా. తల ఎత్తలే. పక్కనోడు వాణ్ని శీనూ అన్నడు, గప్పుడు చూసిండు."

"శీనా?"

"మేస్త్రీ కాడ గదే పేరు రాయించుకున్నడంట. పోయి జబ్బ పట్టుకున్న. నువ్వు పుల్లమ్మ మనుమడివి గాదారా అన్న. 'ఆ పోరడు సచ్చిండు జైరామన్నా, మా అవ్వ నీళ్లొదిలింది, సిన్మాల సూడలేదా' అన్నడు."

"నవ్వుకుంట అన్నడా, ఏడ్సుకుంట అన్నడా?"

"బొంగు నరుక్కుంట అన్నడు."

జైరాంకు అన్నం పెట్టాను. వాడు తింటున్నంతసేపూ అడిగాను. చిక్కిండా? చిక్కాడట. చెప్పులున్నాయా? లేవట. బీడీ తాగుతున్నడా? తాగుతున్నాడట. గంజాయి? అడవిలో ఎక్కడ దొరుకుతుంది నాయనమ్మా అన్నాడు. దొరకదా? పోనీ, అది ఒక్కటి మేలు.


ఫిబ్రవరి 3

జైరాం మళ్లీ పోయి వచ్చాడు. నేను చెప్పులు పంపాను. తీసుకున్నాడట, వేసుకోలేదట. ఒక్క మాట అడిగి రమ్మన్నాడట.

"అవ్వ గా రోజు అన్నది నిజంగ అన్నదా, యాక్టింగా? గదొక్కటి అడుగు. గది తెలిస్తే వస్త."

అంతే. ఇంకేం చెప్పలేదట. నాలుగుసార్లు అడిగాను జైరాంను, ఇంకేం అనలేదా అని.

ఏం వినాలనుకుంటాడు పిల్లవాడు? యాక్టింగ్ అని వినాలనుకుంటాడు. అవ్వ నిజంగా చంపుకోలేదు అని వినాలనుకుంటాడు. ఇందులో ఆలోచించడానికి ఏముంది?


ఫిబ్రవరి 4

ఆలోచించడానికి ఉంది.

వకీలు దగ్గరకు పోయాను. ఆయన చెప్పింది ఇది. ఫిబ్రవరి 20న నా సాక్ష్యం. అవతలి వకీలు నన్ను ఒకటే అడుగుతాడు: అమ్మా, మీరు నటించారా? నటించాను అంటే దావా అక్కడికి సరి. నటించిన ముక్కను సినిమాలో పెట్టుకోవడానికి వాళ్లకు హక్కుంది. నటించలేదు, అది నిజమైన తంతు, అది నిజమని తెలిసి కూడా తీసి ఊరందరికీ చూపించారు అని చెబితే కోసేయమని అడగవచ్చు.

"కాబట్టి పుల్లమ్మా, ఆ రోజు నువ్వు చేసింది నిజం. యాక్టింగ్ అన్న మాటే నీ నోట రాకూడదు. సరేనా?"

"సరే" అన్నాను. ఆయన నా మొహం చూడలేదు, కాగితాలు చూస్తున్నాడు.

దావా గెలవాలంటే నిజం అనాలి. ముత్యాలు రావాలంటే యాక్టింగ్ అనాలి.


ఫిబ్రవరి 5

విస్తర్లు నలభై కుట్టాను. అన్నీ వంకర. ఈ మణికట్టు తిరగదు.


ఫిబ్రవరి 13

టీచరమ్మ అడిగింది, "అసలు ఏది నిజం పుల్లమ్మా? నాకు కాదు, నీకు చెప్పుకో" అని.

కొళాయి దగ్గర పడలేదు.

పోయిన మార్చిలో వాడు కళ్లు ఎర్రజేసుకుని వచ్చి, వెంటనే మళ్లీ బయటకు పోబోయాడు. గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. నన్ను పక్కకు జరిపాడు. అంతే, జరిపాడు. చెయ్యి పట్టుకుని జరిపాడు.

జరపలేదు. మెలిపెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరం విన్నాం. వాడి మొహం తెల్లబోయింది. తర్వాత భుజాన వేసుకుని పరిగెత్తింది కూడా వాడే, అది అబద్ధం కాదు. డాక్టరు అడిగితే కొళాయి అని నేనే చెప్పాను. వాడు పక్కనే నిలబడి విన్నాడు. ఆ తర్వాత మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు. వాడు ఎత్తుతాడని నేను చూశాను. తప్పయిందవ్వా అంటాడని. అనలేదు. నెల రోజులు అదే గుడిసెలో పక్కపక్కన తిని పడుకున్నాం.

ఆ నెల తర్వాత వచ్చాడు డైరెక్టరు.

కుండ నింపి నా ఎడమ భుజాన ఎత్తిపెట్టే ముందు అతడు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "అవ్వా, శీను అని చెప్పండి. నోటికి ఏ ఇంటిపేరు వస్తే అది చెప్పండి. మీవాడి పేరు మాత్రం వద్దండీ, అది మంచిది కాదు." అతడు చెప్పాడు. ఇది వకీలు పుస్తకంలో లేదు. నేను రాయించలేదు.

గల్లీ చివరిదాకా నడిచాను. చెయ్యి లోపల సలుపుతోంది. మా ఇంటిపేరు చెప్పాను. నా కొడుకు పేరు చెప్పాను. ముత్యాలు అన్నాను. నోరు జారలేదు. అనాలనే అన్నాను. కుండ వదిలేశాను. తర్వాత డైరెక్టరు వచ్చి "అవ్వా, ఇంకోసారి చేద్దామా" అని అడిగాడు. "ఇది రెండోపాలి చేసేది గాదు" అన్నాను.

ఆ రోజు సాయంత్రం వాడు ఇంటికి వస్తే అన్నం పెట్టాను. పెట్టకూడదు. పెట్టాను. కోపం ఆ కుండతోనే పోయింది. పోయిందని వాడికి చెప్పలేదు. అసలు వచ్చిందనే చెప్పలేదు కదా, పోయిందని ఎలా చెబుతాను? వాడు ఆ సమయానికి సైడింగు దగ్గర మిగతా పోరగాళ్లతో టిఫిన్ తింటున్నాడు, వినలేదు అనుకున్నాను. సినిమాలో వస్తుందని తెలుసు. అయినా సినిమాలో పేర్లు ఎవరు వింటారులే అనుకున్నాను.


ఫిబ్రవరి 17

జైరాంతో కబురు పంపాను. "యాక్టింగే అని చెప్పు. ఉత్త యాక్టింగ్. నమ్మకపోతే సోమవారం కోర్టుకు రమ్మను, జడ్జి ముంగట అదే చెప్త."

టీచరమ్మ పెన్ను ఆపి, "వకీలుకు చెప్పావా?" అంది.

"వకీలుకు మనుమలు లేరు" అన్నాను.

ఉన్నారు. ఇద్దరు. అయినా అన్నాను.


ఫిబ్రవరి 21

నిన్నటిది ఇవాళ రాయిస్తున్నాను.

వాడు వచ్చాడు. కోర్టు హాల్లో చివరి బెంచీ మీద కూర్చున్నాడు. జైరాం పక్కన. నా చెప్పులు వేసుకున్నాడు. నేను పంపినవి. గడ్డం మీద నూగు వచ్చింది. నన్ను చూసి కళ్లు దించుకున్నాడు.

బోనులో నిలబెట్టారు. నిజమే చెబుతానని అనిపించారు. అవతలి వకీలు మెత్తటి మనిషి. "అమ్మా, ఆ రోజు మీరు చేసింది నటన కదా?" అన్నాడు.

చెంచురామయ్య వకీలు నా వైపు చూసి తల అడ్డంగా ఊపుతున్నాడు. డైరెక్టరు తల వంచుకుని కూర్చున్నాడు. నేను చివరి బెంచీ వైపు చూశాను.

"అవ్. యాక్టింగే" అన్నాను. "గట్టిగ రాసుకోండి. నేను అన్నది నిజం గాదు. నా మనుమడి మీద నాకు కోపం లేదు. ఎన్నడూ లేదు. సిన్మా కోసం జేసిన."

డైరెక్టరు తల ఎత్తాడు. నేను అబద్ధం చెబుతున్నానని ఆ గదిలో అతడికే తెలుసు. మళ్లీ తల దించుకున్నాడు.

పది నిమిషాల్లో అయిపోయింది. దావా పోయింది. వకీలు నాతో మాట్లాడకుండా వెళ్లిపోయాడు. పోనీ. నేను వరండాలోకి పరిగెత్తినట్టే వచ్చాను. ముత్యాలు మెట్ల దగ్గర, చెప్పులు విడిచే చోట నిలబడ్డాడు.

"ఇంటికి పోదాం దా బిడ్డా. విన్నవ్ గదా."

"సిన్మా కోసమా అవ్వా?"

"అవ్ రా. ఉత్తదే."

వాడు నా కుడి చేతి వైపు చూశాడు. "నేను నిజమనుకున్న" అన్నాడు. "నీ చెయ్యి విరిచిన. గందుకు నీళ్లొదిలినవ్ అనుకున్న. కూపుల అందరికీ గట్లనే చెప్పిన. మా అవ్వ ఊకె అనే మనిషి గాదు, నేను చేసినదానికి అన్నది అని. నిజమని నీ నోటి నుంచి వింటే నీ కాళ్లు పట్టుకుందామని వచ్చిన. తప్పయింది అందామని. కోపమే లేదంటున్నవ్. ఇంక ఎవల కాళ్లు పట్టుకోవాలె?"

మెట్టు మీద కూర్చుండిపోయాను.

"సిన్మా కోసమైతే ఏందవ్వా అది? టికెట్ కొన్నోళ్ల ముంగట నన్ను సంపి సూపిచ్చినట్టే గద."

"నిజమే రా. నిజంగనే అన్న. మస్తు కోపమొచ్చింది నీ మీద. శీను అనమంటే నీ పేరే అన్న, అడుగు, డైరెక్టరును అడుగు. నువ్వు ఒస్తవని లోపల అబద్ధం చెప్పిన."

వాడు కోర్టు గుమ్మం వైపు ఒకసారి చూశాడు.

"జడ్జి ముంగట చెప్పింది నమ్మాల్నా, చెప్పుల కాడ చెప్పేది నమ్మాల్నా అవ్వా?"

వాడు వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. అంతలోనే జైరాం లారీ హారన్ కొట్టాడు, లోడుకు ఆలస్యమైందని. వాడు నా చెయ్యి పట్టుకుని లేపి, గోడకు ఆనించి నిలబెట్టి, పోయాడు. ఆ మణికట్టే పట్టుకున్నాడు. ఎంత మెల్లగా పట్టుకున్నాడో.


ఫిబ్రవరి 22

మళ్లీ కోర్టుకు పోయాను. మొన్న చెప్పింది అబద్ధం, మళ్లీ రాసుకోండి అన్నాను. గుమస్తా నవ్వి, కేసు కొట్టేశారు ముసలమ్మా, ఇంటికి పో అన్నాడు. అబద్ధం చెప్పినందుకు జైల్లో వేయమన్నాను. అది కూడా కుదరదట.


ఫిబ్రవరి 24, శుక్రవారం

ఆ సినిమా ఇవాళ్టితో ఆఖరు. మ్యాట్నీకి పోయాను. నేను పేరు చెప్పినప్పుడు ఎలా చెప్పానో నాకే తెలుసుకోవాలనిపించింది. వాడు తెర మీద ఏది విని నిజమనుకున్నాడో నేనూ వినాలనిపించింది. టీచరమ్మ తోడు వచ్చింది.

మొదట సైడింగు. పొగ. వ్యాగన్ మీద ముత్యాలు నిలబడి నవ్వుతున్నాడు, మొహం నిండా మసి, పళ్లు మాత్రం తెలుపు. ఇల్లంత పెద్ద నా మనవడు. వాడు అంత నవ్వగలడని నాకు తెలియదు. నా ముందు ఎప్పుడు నవ్వాడని?

చైన్లతో కొట్టుకున్నారు. గంజాయి తాగారు. వెనక ఈలలు వేశారు ఎవరో. టీచరమ్మ చెప్పినట్టు వాళ్ల మొహాలు చూపించాడు. ప్రతి ఒక్కడి మొహం దగ్గరకు తెచ్చి ఆపాడు. ఒక్కొక్కడూ నాకు పుట్టినప్పటి నుంచి తెలిసినవాడే. వాళ్లను అంతసేపు ఎన్నడూ చూడలేదు నేను.

తర్వాత నేను వచ్చాను, కుండతో. ఈలలు ఆగిపోయాయి.

ఇంటిపేరు చెప్పాను. కొడుకు పేరు చెప్పాను. ముత్యాలు అన్నాను. అది యాక్టింగ్ అని ఆ హాల్లో పసిపిల్ల కూడా అనుకోదు. కుండ పగిలింది. వెనక్కి చూడకుండా తిరిగి నడిచాను. నేను కెమెరా పక్కనుంచి దాటిపోయాను, కానీ బొమ్మ నాతో రాలేదు. గల్లీ మీదే ఉండిపోయింది.

గల్లీ చివర, కొళాయి సందులోంచి ముత్యాలు వచ్చాడు. రెండు చేతుల్లో రెండు బకెట్ల నీళ్లు. ఎవరూ రమ్మన్నట్టు లేదు, కెమెరా వాడి వైపు తడబడుతూ తిరిగింది. పగిలిన పెంకుల దగ్గర ఆగాడు. వాటిని చూశాడు. నీళ్లు ఒలికి కాళ్ల మీద పడుతున్నాయి. తర్వాత పెంకులు తొక్కకుండా పక్కనుంచి దాటి, నా వెనకాలే, పది అడుగుల దూరంలో నడిచాడు. గుమ్మం దగ్గర బకెట్లు చప్పుడు కాకుండా దించి గోడ చాటుకు పోయాడు.

విరిగిన చేత్తో నేను చెంబు కూడా ఎత్తలేని రోజులవి. ఆ రోజు గుమ్మం ముందు రెండు బకెట్ల నీళ్లు ఉన్నాయి. సినిమావాళ్లు పెట్టారనుకుని తలస్నానం చేశాను.

దీపావళి నాడు వాడు కొత్తగా విన్నదేమీ లేదు. ఆ రోజే విన్నాడు. విని, మా పద్ధతి తెలుసు కనుక, తనకు నీళ్లొదిలిన అవ్వ స్నానానికి తానే నీళ్లు మోశాడు. సాయంత్రం వచ్చి నేను పెట్టిన అన్నం తిన్నాడు. ఆ తర్వాత ఏడు నెలలు నేను ఏమైనా అంటానేమో అని చూశాడు. నేను వాడు అంటాడని చూశాను. ఇద్దరం అనకముందే ఊరంతా చూసింది, వాడు పోయాడు.

బయటకు వచ్చాక టీచరమ్మను పట్టుకున్నాను. "నువ్వు సూసినవ్ గదా. ఎందుకు చెప్పలే?"

"నీకు తెలుసనుకున్నా పుల్లమ్మా. నీ వెనకే ఉన్నాడుగా" అంది. "సినిమా మాట ఎత్తొద్దన్నావు కూడా."

ఆమె తప్పు లేదు. వెనక్కి చూడకూడదన్నది మా పద్ధతి. ఎవరు పెట్టారో పద్ధతి.


ఫిబ్రవరి 25

రేపు పొద్దున జైరాం లారీలో కూపుకు పోతున్నాను. ఆ రెండు బకెట్ల నీళ్ల సంగతి నాకు తెలిసిందని చెబుతాను. మిగతాది వాడి ఇష్టం.

"నమ్మకపోతే?" అంది టీచరమ్మ.

నమ్మేదాకా అక్కడే ఉంటాను.

"ఎన్నాళ్లు?" అంది.

వాడికి పదిహేడేళ్లు, ఎన్నాళ్లయినా ఆలోచించుకోవచ్చు. తొందర నాకే.